డ్రైవర్ దొరకని ల్యాప్‌టాప్, అడగకుండా వచ్చిన టూల్‌బార్: రెండింటినీ వరుసగా సరిచేయడం ఎలా?

కొత్తగా విండోస్ వేసిన ల్యాప్‌టాప్‌లో వైఫై గుర్తు కనిపించదు, సౌండ్ రాదు. ఆ పరికరాలను నడిపే చిన్న సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, లేకపోవడమే కారణం. మోడల్ పేరు పక్కన 'డ్రైవర్ డౌన్‌లోడ్' అని కొట్టి వెతికితే పైన వచ్చే ఫలితాల్లో చాలావాటికి ఆ ల్యాప్‌టాప్ చేసిన కంపెనీతో సంబంధమే ఉండదు. వాటిలో ఒకదాన్ని తెరిచి, పెద్ద డౌన్‌లోడ్ బటన్ నొక్కి, వచ్చిన ఫైల్‌ని నడిపిస్తే డ్రైవర్ మాట దేవుడెరుగు, బ్రౌజర్‌లో కొత్త సెర్చ్ పేజీ, పైన టూల్‌బార్ అనే ఒక పట్టీ, కింద మూలన 'మీ కంప్యూటర్‌లో వందల లోపాలున్నాయి' అనే హెచ్చరిక వచ్చి కూర్చుంటాయి. డ్రైవర్ లేకపోవడం, టూల్‌బార్ రావడం వేరువేరు సమస్యల్లా కనిపిస్తాయి గానీ, రెండోది చాలాసార్లు మొదటిదాన్ని వెతకబోయినప్పుడే వస్తుంది. అందుకే రెండూ ఒకేచోట రాస్తున్నాను. డ్రైవర్‌ని ఎక్కడ నుంచి తెచ్చుకోవాలో తెలిస్తే టూల్‌బార్ గొడవ సగం రాకుండానే ఆగిపోతుంది.

ఇక్కడ చెప్పేవన్నీ విండోస్ 10, 11లకు వర్తిస్తాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అయినా డ్రైవర్ వెతికే పద్ధతి రెండింటిలోనూ ఒకటే. సికింద్రాబాద్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నవాళ్లకు ఇది మరీ అవసరం. అమ్మేవాళ్లు విండోస్ కొత్తగా వేసి ఇస్తారు, చిన్నచిన్న పరికరాల డ్రైవర్లు మాత్రం అందులో ఉండకపోవచ్చు.

ముందు ఏది లేదో చూడాలి

కీబోర్డ్‌లో విండోస్ గుర్తున్న కీని, ఎక్స్‌ని కలిపి నొక్కండి. వచ్చిన జాబితాలో 'డివైస్ మేనేజర్' తెరవండి. అందులో 'అదర్ డివైసెస్' అనే భాగం ఉండి, దాని కింద పసుపు త్రికోణంలో ఆశ్చర్యార్థకం ఉన్న పేర్లు కనిపిస్తే, విండోస్‌కి ఆ పరికరాలు కనిపిస్తున్నాయి గానీ వాటిని ఎలా నడపాలో తెలియడం లేదని అర్థం.

ఆ పేర్లు చాలామందిని కంగారు పెడతాయి. నిజానికి కొన్ని పేర్లు చూడగానే అవి ఏమిటో చెప్పేయవచ్చు. 'నెట్‌వర్క్ కంట్రోలర్' అంటే దాదాపు ఎప్పుడూ వైఫై కార్డే. 'ఈథర్‌నెట్ కంట్రోలర్' అంటే కేబుల్ పెట్టే ల్యాన్ పోర్ట్. 'ఎస్ఎం బస్ కంట్రోలర్' కనిపిస్తే చిప్‌సెట్ (మదర్‌బోర్డ్‌లోని భాగాలను కలిపే చిప్‌లు) డ్రైవర్ వేయలేదని గుర్తు. 'పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్' అనేది ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఇంటర్‌ఫేస్, అంటే కంప్యూటర్‌ని లోపల నుంచి చూసుకునే ఇంటెల్ సొంత భాగం. పాత ల్యాప్‌టాప్‌లలో 'బేస్ సిస్టమ్ డివైస్' అని రెండు మూడు వరుసలు కనిపిస్తే అది ఎక్కువగా మెమరీ కార్డ్ రీడర్. ఒక్క రీడర్‌లోనే వేరువేరు రకాల కార్డులకు వేరువేరు భాగాలు ఉంటాయి కాబట్టి అన్ని వరుసలు వస్తాయి, ఒక్క డ్రైవర్ వేస్తే అన్నీ పోతాయి.

పసుపు గుర్తు లేదు కదా అని ఊరుకోకూడని పరికరం ఒకటుంది. 'డిస్‌ప్లే అడాప్టర్స్' కింద 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ లేనట్టే. దానికి హెచ్చరిక గుర్తు రాదు, తెర మామూలుగానే కనిపిస్తుంది. కానీ బ్రైట్‌నెస్ మారదు, వీడియోలు తడబడతాయి, రెండో మానిటర్ పెడితే పలకదు. టచ్‌ప్యాడ్‌తోనూ ఇంతే. బాణం కదులుతుంది గానీ రెండు వేళ్లతో పేజీ జరపడం కుదరదు. డ్రైవర్ల పని మొదలుపెట్టినప్పుడు ఈ రెండింటినీ విడిగా చూడండి.

ఇప్పుడు పసుపు గుర్తున్న పేరు మీద రెండుసార్లు నొక్కితే ఒక కోడ్ కనిపిస్తుంది. కోడ్ 28 అంటే డ్రైవరే లేదు, మనం వెతకాల్సింది అదే. కోడ్ 22 అంటే ఎవరో ఆ పరికరాన్ని ఆపేశారు. రైట్ క్లిక్ చేసి 'ఎనేబుల్' అంటే చాలు, డ్రైవర్ వెతకనక్కర్లేదు. కోడ్ 10 అంటే డ్రైవర్ ఉంది గానీ పరికరం మొదలు కావడం లేదు. కోడ్ 43 అంటే పరికరమే ఏదో తేడా ఉందని చెప్పడంతో విండోస్ దాన్ని ఆపింది. ఈ చివరి రెండూ వస్తే ముందు ఒకసారి 'రీస్టార్ట్' చేయండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్న కంప్యూటర్‌లో షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం పూర్తిగా ఆగదు, దాని స్థితిని డిస్క్‌లో దాచుకుంటుంది. రీస్టార్ట్‌తోనే అంతా కొత్తగా మొదలవుతుంది. కోడ్ 52 వస్తే డ్రైవర్ డిజిటల్ సంతకం, అంటే అది ఎవరు చేశారో చెప్పే ముద్ర, సరిగా లేదని అర్థం. ఆ డ్రైవర్‌ని తీసేసి అసలుది తెచ్చుకోవాలే తప్ప, సంతకం తనిఖీని ఆపేయమని ఎవరు చెప్పినా వినకండి.

పరికరం ఐడీ చదవడం

పేరుతో తేలనప్పుడు, ముఖ్యంగా 'అన్‌నోన్ డివైస్' అని మాత్రమే ఉన్నప్పుడు, పనికొచ్చేది హార్డ్‌వేర్ ఐడీ. ఈ గైడ్‌లో ఒక్క విషయమే నేర్చుకునే తీరిక ఉంటే ఇదే నేర్చుకోండి.

పరికరం మీద రైట్ క్లిక్ చేసి 'ప్రాపర్టీస్', అందులో 'డీటెయిల్స్' ట్యాబ్ తెరవండి. 'ప్రాపర్టీ' అన్న పెట్టెలో 'హార్డ్‌వేర్ ఐడీస్' ఎంచుకోండి. కింద నాలుగైదు వరుసలు వస్తాయి. మొదటి వరుస అన్నిటికంటే కచ్చితమైనది, దాన్ని కాపీ చేసుకోండి.

ఆ వరుసలో వెన్ అన్న అక్షరాల తర్వాత వచ్చే నాలుగు స్థానాలు చిప్ చేసిన కంపెనీవి, డెవ్ తర్వాత వచ్చేవి ఆ చిప్‌వి. 8086 ఉంటే ఇంటెల్, 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 10డీఈ ఉంటే ఎన్విడియా, 1002 లేదా 1022 ఉంటే ఏఎండీ, 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్, 168సీ అంటే క్వాల్‌కామ్ అథెరాస్, 14సీ3 అంటే మీడియాటెక్. యూఎస్‌బీ పరికరాలకు వెన్, డెవ్‌ల బదులు విడ్, పిడ్ అని ఉంటాయి. అక్కడ 0బీడీఏ అంటే రియల్‌టెక్, 04బీ8 అంటే ఎప్సన్, 04ఏ9 అంటే కెనాన్, 03ఎఫ్0 అంటే హెచ్‌పీ.

అదే వరుసలో సబ్‌సిస్ అనే భాగం కూడా ఉంటుంది. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన భాగమైతే దాని చివరి నాలుగు స్థానాలు సాధారణంగా ల్యాప్‌టాప్ కంపెనీని చెబుతాయి. 103సీ హెచ్‌పీ, 1028 డెల్, 17ఏఏ లెనోవో, 1043 అసుస్, 1025 ఏసర్. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో ఎవరైనా వైఫై కార్డ్ మార్చి ఉంటే ఇక్కడే బయటపడుతుంది. డెల్ ల్యాప్‌టాప్‌లో లెనోవో అంకె కనిపిస్తే, డెల్ సైట్‌లోని వైఫై డ్రైవర్ ఎందుకు పనిచేయడం లేదో అప్పుడు అర్థమవుతుంది.

ఏసీపీఐ అని మొదలయ్యే ఐడీలు ఇంకో రకం. ఇవి మదర్‌బోర్డ్‌లో కలిసిపోయిన చిన్న పరికరాలు. హెచ్‌పీలో హెచ్‌పీక్యూ 6001 అంటే వైర్‌లెస్ బటన్, హెచ్‌పీక్యూ 0004 అంటే ల్యాప్‌టాప్ కింద పడుతుంటే హార్డ్ డిస్క్‌ని ఆపే సెన్సార్. డెల్‌లో ఎస్ఎంఓ 8800 అన్నది కూడా అలాంటి సెన్సారే. ఎస్ఎస్‌డీలో తిరిగే భాగాలు ఉండవు కాబట్టి, హార్డ్ డిస్క్ బదులు అది వేసుకున్న ల్యాప్‌టాప్‌లో ఈ సెన్సార్‌తో పనేమీ లేదు. దాని డ్రైవర్ దొరకకపోయినా టెన్షన్ పడకండి, వదిలేయండి.

డ్రైవర్ ఎక్కడ నుంచి తేవాలి

ముందు నెట్ ఉండాలి కదా. వైఫై డ్రైవరే లేనప్పుడు ఏం చేయాలి? ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉన్నచోటే ఉండే 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయండి. దీనికి కావలసింది విండోస్‌లో ముందే ఉంటుంది కాబట్టి వేరే డ్రైవర్ అడగదు. ఫోన్ వైఫైకి కలిసి ఉంటే ఆ వైఫై నెట్టే కంప్యూటర్‌కి వస్తుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు. కేబుల్ మాత్రం ఛార్జింగ్‌కే పనికొచ్చేది కాకూడదు, డేటా వెళ్లేదై ఉండాలి. ఐఫోన్‌కి యాపిల్ డ్రైవర్ కావాలి కాబట్టి ఈ అవసరానికి ఆండ్రాయిడే నయం.

నెట్ రాగానే మొదట విండోస్ అప్‌డేట్ తెరవండి. మామూలు అప్‌డేట్లు వేసి రీస్టార్ట్ చేశాక, 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లో 'ఆప్షనల్ అప్‌డేట్స్' చూడండి. అందులో 'డ్రైవర్ అప్‌డేట్స్' అని విడిగా ఒక జాబితా ఉంటుంది. విండోస్ 10లో అయితే ఇది అప్‌డేట్ పేజీలోనే 'వ్యూ ఆప్షనల్ అప్‌డేట్స్' అని కనిపిస్తుంది. చాలామంది ఈ పేజీ ఎప్పుడూ తెరిచి ఉండరు, వాళ్ల ల్యాప్‌టాప్‌కి కావలసినవి చాలావరకు అక్కడే దొరుకుతాయి. డివైస్ మేనేజర్‌లో డ్రైవర్ లేదని తేలిన పరికరాలకు సంబంధించినవే టిక్ చేయండి. బాగా పనిచేస్తున్న ప్రింటర్‌కో గ్రాఫిక్స్‌కో అక్కడ ఇంకో వెర్షన్ కనిపించినంత మాత్రాన వేయాల్సిన పని లేదు.

అక్కడ దొరకకపోతే ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీకి వెళ్లండి. సెర్చ్‌లో వెతకకుండా కంపెనీ సైట్ అడ్రస్ నేరుగా టైప్ చేసి, అక్కడ నుంచి 'సపోర్ట్'లోకి వెళ్లడం మంచిది. మోడల్ పేరు కంటే సీరియల్ నంబర్ ఇవ్వడం మేలు. ఒకే మోడల్ పేరుతో మూడు నాలుగు రకాల వైఫై కార్డులు వచ్చి ఉంటాయి, సీరియల్ నంబర్ ఇస్తే మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నదేమిటో సైట్‌కి తెలుస్తుంది. నంబర్ ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. డెల్ దాన్ని సర్వీస్ ట్యాగ్ అంటుంది, ఏడు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. స్టిక్కర్ చెరిగిపోతే బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో, చూడవచ్చు.

అక్కడ దింపుకున్నవాటిలో ముందు చిప్‌సెట్ వేయండి. దాంతోనే రెండు మూడు పసుపు గుర్తులు పోవడం మామూలే. రీస్టార్ట్ చేసి, మిగిలినవి మళ్లీ చూసుకుని, ఒక్కొక్కటిగా వేసుకుంటూ వెళ్లండి. అన్నీ ఒకేసారి వేస్తే, ఏదైనా చెడినప్పుడు దేనివల్లో తెలియదు.

కంపెనీ సైట్‌లో పాత విండోస్ డ్రైవర్లే ఉంటే భయపడకండి. విండోస్ 10 కోసం చేసిన 64 బిట్ డ్రైవర్లు ఎక్కువ శాతం విండోస్ 11లో పనిచేస్తాయి. 32 బిట్ డ్రైవర్ మాత్రం 64 బిట్ విండోస్‌లో పనిచేయదు. పాత ప్రింటర్లు, స్కానర్ల విషయంలో ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే.

ఇంకా దొరకకపోతే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ అనే సైట్ ఉంది. కాపీ చేసుకున్న హార్డ్‌వేర్ ఐడీలో డెవ్ అంకెల దాకా ఉన్న భాగాన్ని అక్కడి సెర్చ్ పెట్టెలో అతికించండి. వచ్చిన వాటిలో మీ విండోస్‌కి సరిపోయే, తాజా తేదీ ఉన్నది తీసుకోండి. జిప్ లాంటి క్యాబ్ ఫైల్ వస్తుంది. దాన్ని ఒక ఫోల్డర్‌లోకి విప్పి, డివైస్ మేనేజర్‌లో పరికరం మీద రైట్ క్లిక్ చేసి 'అప్‌డేట్ డ్రైవర్', తర్వాత 'బ్రౌజ్ మై కంప్యూటర్ ఫర్ డ్రైవర్స్' ఎంచుకుని ఆ ఫోల్డర్ చూపించండి. 'ఇన్‌క్లూడ్ సబ్‌ఫోల్డర్స్' టిక్ ఉండేలా చూసుకోండి. ఐడీ కలిస్తే విండోస్ వేసుకుంటుంది, కలవకపోతే వద్దంటుంది.

కంప్యూటర్ మొత్తం వెతికి డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో వేస్తామనే డ్రైవర్ అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్లు మాత్రం వద్దు. వాటిలో కొన్ని దొంగవి కాకపోవచ్చు. అయినా పైన చెప్పిన మూడు చోట్లా ఉచితంగా దొరికేదాన్ని డబ్బులకు అమ్మడం, బాగా పనిచేస్తున్న డ్రైవర్‌ని 'పాతది' అని భయపెట్టి మార్పించడం వాటి పద్ధతి. వాటితో బాగుపడిన కంప్యూటర్ల కంటే పాడైనవే నేను ఎక్కువ చూశాను.

ఎస్ఎస్‌డీయే కనిపించకపోతే

విండోస్ వేస్తుండగా 'ఎక్కడ వేయాలి' అన్న తెరలో జాబితా ఖాళీగా ఉంటే ఎస్ఎస్‌డీ పోయిందని అనుకోకండి. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో ఎస్ఎస్‌డీని నిర్వహించే వీఎండీ అనే ఏర్పాటు ఆన్‌లో ఉంటుంది, విండోస్ ఇన్‌స్టాలర్‌లో దాని డ్రైవర్ లేకపోతే డిస్క్ కనిపించదు. ఇంకో కంప్యూటర్‌లో కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ తీసుకుని, దాన్ని విప్పి, లోపలి ఫోల్డర్‌ని పెన్ డ్రైవ్‌లో పెట్టి, అదే తెరలో 'లోడ్ డ్రైవర్' నొక్కి చూపించండి. సెటప్ ఫైల్‌ని విప్పకుండా అలాగే పెడితే ఇన్‌స్టాలర్ దాన్ని చదవలేదు. బయోస్‌లో వీఎండీని ఆపేయడం ఇంకో దారి. కానీ అప్పటికే విండోస్ ఉన్న ల్యాప్‌టాప్‌లో అలా ఆపితే విండోస్ తెరుచుకోకపోవచ్చు.

అన్నీ కుదిరాక ఒక కాపీ

సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, అందులో సిస్టమ్ 32, అందులో డ్రైవర్ స్టోర్, అందులో 'ఫైల్ రిపాజిటరీ' అనే ఫోల్డర్ ఉంటుంది. అన్ని పరికరాలూ పనిచేస్తున్న రోజున దాన్ని మొత్తం పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసి దాచుకోండి. మళ్లీ విండోస్ వేయాల్సి వస్తే, నెట్ లేకపోయినా, 'బ్రౌజ్ మై కంప్యూటర్'లో ఆ ఫోల్డర్ చూపిస్తే సరిపోతుంది. కొత్త డ్రైవర్ వేశాక తేడా వస్తే పరికరం ప్రాపర్టీస్‌లో 'డ్రైవర్' ట్యాబ్ కింద 'రోల్ బ్యాక్ డ్రైవర్' ఉంటుంది. పాత డ్రైవర్ ఇంకా ఉన్నంతవరకే ఆ బటన్ పనిచేస్తుంది.

ఇప్పుడు టూల్‌బార్ సంగతి

ఒకప్పుడు టూల్‌బార్ అంటే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పైన నిజంగానే కనిపించే పట్టీ. జావా వేసుకుంటే ఆస్క్ టూల్‌బార్ కూడా వచ్చేది, టిక్ తీసేయకపోతే అంతే. 2015లో మైక్రోసాఫ్ట్ పాత ఆస్క్ టూల్‌బార్‌లను అవాంఛిత సాఫ్ట్‌వేర్ కింద తొలగించడం మొదలుపెట్టింది. 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే మైక్రోసాఫ్ట్ సెలవు చెప్పింది. పట్టీ పోయినా ఆ వ్యాపారం ఆగలేదు, బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లైన ఎక్స్‌టెన్షన్ల రూపంలోకి, మారిపోయిన సెర్చ్ ఇంజిన్ రూపంలోకి, మూలన వచ్చే నోటిఫికేషన్ల రూపంలోకి మారింది. మీరు వెతికిన ప్రతి మాటనూ తమ పేజీ మీదుగా తిప్పి, ప్రకటనలు చూపించి డబ్బు చేసుకోవడమే వీటి పని. ఎక్కువమంది ఎక్స్‌టెన్షన్ ఒక్కటే తీసేసి ఆగిపోతారు. రెండో రోజు అది మళ్లీ కనిపిస్తుంది. దాన్ని తిరిగి తెచ్చే ప్రోగ్రామ్ కంప్యూటర్‌లో ఇంకా ఉండటమే కారణం. అందుకే ముందు ప్రోగ్రామ్, తర్వాతే బ్రౌజర్.

సెట్టింగ్స్‌లో 'యాప్స్', అందులో 'ఇన్‌స్టాల్డ్ యాప్స్' తెరిచి, జాబితాను తేదీ వరుసలో పెట్టండి. సమస్య మొదలైన రోజున వచ్చినవన్నీ ఒకేచోట కనిపిస్తాయి. మీరు వేయనిది ఏదున్నా తీసేయండి. తీసేసేటప్పుడు వచ్చే ప్రశ్నలను తొందరపడకుండా చదవండి. 'తీసేయి' అన్నది లేత రంగులో, 'ఉంచు' అన్నది మెరిసే రంగులో పెట్టే అలవాటు వీటికుంది.

తర్వాత టాస్క్ మేనేజర్‌లో 'స్టార్టప్ యాప్స్' చూసి తెలియనివాటిని ఆపండి. 'టాస్క్ షెడ్యూలర్' కూడా ఒకసారి తెరవండి. గంటకోసారి, లేదా లాగిన్ అయిన ప్రతిసారీ ఏదో వెబ్ పేజీని తెరిచే పని అక్కడ దాగి ఉండవచ్చు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కింద 'ప్రాక్సీ' చూడండి, మీ నెట్‌ని ఇంకో కంప్యూటర్ మీదుగా తిప్పే అమరిక అది. మీరు పెట్టని అడ్రస్ అక్కడ ఉంటే ఆఫ్ చేయండి.

ఇప్పుడు బ్రౌజర్. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింటిలోనూ ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిచి తెలియనివి తొలగించండి. ఆఫ్ చేస్తే చాలదు, తొలగించాలి. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో ప్రొఫైల్ ఉంటే ప్రతి ప్రొఫైల్‌లోనూ చూడాలి. తర్వాత సెర్చ్ ఇంజిన్, తెరవగానే వచ్చే పేజీ సరిచేయండి. సైట్ సెట్టింగ్స్‌లో 'నోటిఫికేషన్స్'కి వెళ్లి, అనుమతి ఉన్న సైట్లలో తెలియనివన్నీ తీసేయండి. 'వైరస్ వచ్చింది' అని మూలన వచ్చే భయపెట్టే పెట్టెలు చాలావరకు ఇక్కడివే, అవి వైరస్ కానే కావు.

డెస్క్‌టాప్ మీదున్న బ్రౌజర్ షార్ట్‌కట్‌ని కూడా చూడండి. రైట్ క్లిక్, 'ప్రాపర్టీస్', 'టార్గెట్'. బ్రౌజర్ ఫైల్ పేరు తర్వాత ఏదైనా వెబ్ అడ్రస్ అంటించి ఉంటే ఆ షార్ట్‌కట్ తీసేసి, స్టార్ట్ మెనూ నుంచి కొత్తది చేసుకోండి. సెట్టింగ్స్ ఎంత సరిచేసినా అదే పేజీ తెరుచుకుంటుంటే కారణం ఇదై ఉండవచ్చు.

ఎక్స్‌టెన్షన్ పక్కన తొలగించే బటనే లేకుండా, మెనూ అడుగున 'మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్' అని ఉంటే కాస్త ఆగి ఆలోచించండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే అది సహజం, ముట్టుకోకండి, ఐటీ వాళ్లకు చెప్పండి. కొన్ని యాంటీవైరస్‌లు ఉన్నా ఆ మాట కనిపిస్తుంది. సొంత ల్యాప్‌టాప్‌లో ఏ కారణమూ లేకుండా కనిపిస్తే, ఎవరో రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోట, పాలసీ (బ్రౌజర్ తప్పక పాటించే నియమం) రాశారని అర్థం. రిజిస్ట్రీ ఎడిటర్‌లో లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ అనే వరుసలో అది దొరుకుతుంది. కరెంట్ యూజర్ కింద కూడా ఇదే వరుస చూడండి. 'ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్' అనే కీ ఉంటే, ముందు 'ఎక్స్‌పోర్ట్'తో కాపీ దాచుకుని, దాన్ని తొలగించి, బ్రౌజర్ మూసి తెరవండి. రిజిస్ట్రీ అంటే జంకు ఉన్నవాళ్లు తర్వాత చెప్పే స్కాన్ ముందు చేయండి, చాలాసార్లు అదే దీన్ని తీసేస్తుంది.

స్కాన్ కోసం మాల్వేర్‌బైట్స్ వాళ్ల ఆడ్‌క్లీనర్ వాడండి, ఉచితం, చిన్న ఫైల్. దాన్ని కూడా ఆ కంపెనీ సైట్ నుంచే తీసుకోవాలి. తర్వాత విండోస్ సెక్యూరిటీలో 'ఫుల్ స్కాన్' పెట్టండి. అందులోనే 'యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్' కింద 'పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్' ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. టూల్‌బార్లను మోసుకొచ్చే ఇన్‌స్టాలర్లను ఇది చాలావరకు గుమ్మం దగ్గరే ఆపుతుంది.

ఇంత చేసినా బ్రౌజర్ తేడాగా ఉంటే రీసెట్ చేయండి. క్రోమ్, ఎడ్జ్‌లలో 'రీసెట్ సెట్టింగ్స్', ఫైర్‌ఫాక్స్‌లో 'రిఫ్రెష్'. బుక్‌మార్క్‌లు, దాచిన పాస్‌వర్డ్‌లు పోవు. సైట్లలో మళ్లీ లాగిన్ అవ్వాల్సి రావచ్చు. రీసెట్‌కి ముందు సింక్ ఆపడం మరవకండి. అదే అకౌంట్ ఉన్న ఇంకో కంప్యూటర్‌లో ఆ ఎక్స్‌టెన్షన్ ఉంటే, సింక్ దాన్ని ఇక్కడికి మళ్లీ తెచ్చిపెడుతుంది. అక్కడ కూడా తీసేశాకే సింక్ ఆన్ చేయండి.

ఎక్స్‌టెన్షన్ తీసే ముందు దాని అనుమతులు చదివి ఉంటే గుర్తు చేసుకోండి. 'అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా చదవగలదు, మార్చగలదు' అన్న అనుమతి దానికి ఉండి, ఆ రోజుల్లో మీరు నెట్ బ్యాంకింగ్‌లోకో ఈమెయిల్‌లోకో వెళ్లి ఉంటే, ఆ పాస్‌వర్డ్‌లు మార్చండి. ఈమెయిల్‌తో మొదలుపెట్టండి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. శుభ్రం చేసిన కంప్యూటర్ నుంచో ఫోన్ నుంచో మార్చి, 'అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్' కూడా నొక్కండి. మన దేశంలో ఉన్నవాళ్లకు ఈలోపే అకౌంట్‌లో డబ్బు పోయినట్టు కనిపిస్తే, స్కాన్లూ రీసెట్లూ పక్కన పెట్టి వెంటనే బ్యాంక్‌కి, 1930 సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి.